శవం లేని హత్య: ఆటలోకాల్లో నేరకథ

డిటెక్టివ్ నవలకు ఒక శవం కావాలి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలతో పెరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. హత్య జరిగిందనడానికి శరీరమే సాక్ష్యం. దాని మీది గాయమే పరిశోధకుడికి మొదటి ఆధారం. మరి నేరం జరిగిన చోటు కంప్యూటర్ సృష్టించిన ఆటలోకమైతే? అక్కడ చచ్చినవాడు మరుక్షణం లేచి మళ్ళీ ఆడతాడు. నెత్తురు లేదు, వేలిముద్రలు లేవు, శవం అసలే లేదు. అయినా గత అరవై ఏళ్ళుగా రచయితలు అటువంటి లోకాల్లో నేరకథలు నడుపుతూనే ఉన్నారు. ఆ కథల చరిత్ర ఒక రకంగా పోయిన శరీరం కోసం సాగిన వెతుకులాట. చట్టమూ ఇంచుమించు అదే దారిలో నడిచింది. కాకపోతే అది మనిషి కంటే ముందు సొత్తును గుర్తుపట్టింది.

ఈ వరసలో తొలినాళ్ళ రచనగా చెప్పుకోదగ్గది అమెరికన్ రచయిత డేనియల్ గలూయ్ 1964లో ప్రచురించిన ‘సిములాక్రాన్-3’. వ్యాపార సంస్థలకు ప్రజాభిప్రాయాన్ని అందించడానికి ఒక కంప్యూటర్‌లో నగరాన్నే నిర్మిస్తారు. అందులోని మనుషులకు తాము కృత్రిమమని తెలియదు. ఆ యంత్రాన్ని రూపొందించిన శాస్త్రవేత్త మరణిస్తాడు. ఆ మరణం గురించి నోరు విప్పబోయిన భద్రతాధికారి ఒక విందులో ఉన్నచోటనే మాయమవుతాడు. ఆ తరువాత అటువంటి మనిషి ఉండేవాడని కూడా ఎవరికీ గుర్తుండదు. శవమే కాదు, జ్ఞాపకం కూడా మిగలని నేరం ఇది. కథానాయకుడి పరిశోధన చివరికి, తన లోకం కూడా మరొకరి కంప్యూటర్‌లో నడుస్తున్నదే అన్న చోటికి చేరుతుంది. జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ ఈ నవలను 1973లో రెండు భాగాల టెలివిజన్ చిత్రంగా తీశాడు. ఇదే నవల ఆధారంగా 1999లో వచ్చిన ‘ద థర్టీన్త్ ఫ్లోర్’లో హంతకుడు పైలోకపు మనిషి. వినోదం కోసం కిందికి దిగివచ్చి, ఇంకొకరి శరీరంలో దూరి చంపుతాడు. చచ్చేవాళ్ళు నిజమైన మనుషులు కారన్న నమ్మకమే అతడి ధైర్యం.

ఆ నమ్మకం సరైనదేనా అన్న ప్రశ్న కథల వెలుపల కూడా త్వరలోనే ఎదురైంది. 1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ కమొడోర్ 64 కంప్యూటర్ల కోసం ‘హ్యాబిటాట్’ అనే లోకాన్ని తయారుచేసింది. అందులో ఆటగాడిని సూచించే బొమ్మకు దాని నిర్మాతలు అవతార్ అని పేరు పెట్టారు. ఆ లోకంలో ఆయుధాలుండేవి, దొంగతనాలు, హత్యలు జరిగేవి. చచ్చిన అవతార్ తన ఇంట్లో తిరిగి లేచేది, చేతిలో ఉన్న వస్తువులు మాత్రం పోయేవి. కొందరికి అది ఆటలో భాగం, కొందరికి దౌర్జన్యం. అవతార్ ఆటగాడికి కొనసాగింపా, లేక వట్టి బొమ్మా అని వాదాలు చెలరేగాయి. బయటి లోకంలో క్రైస్తవ మతగురువుగా ఉన్న ఒక ఆటగాడు అక్కడ అహింసను బోధించే చర్చి ఒకటి స్థాపించాడు. జనం ఓట్లేసి ఒక షెరీఫ్‌ను ఎన్నుకున్నారు. ఎన్నుకున్నాక అతనికి ఏ అధికారాలు ఇవ్వాలో మాత్రం తేల్చుకోలేకపోయారు.

1993లో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. ‘లాంబ్డామూ’ బొమ్మలు కూడా లేని, కేవలం అక్షరాలతో కట్టిన లోకం. ఒక సభ్యుడు చిన్న ప్రోగ్రాము సాయంతో ఇతర సభ్యుల పాత్రలను తన అదుపులోకి తెచ్చుకొని, వారిపై లైంగిక హింసను అందరూ చూస్తుండగా రాసుకుంటూ పోయాడు. ఎవరి ఒంటి మీదా చేయి పడలేదు. కాని మర్నాడు జరిగినదాన్ని రాస్తూ ఒక బాధితురాలు తన ఇంట్లో నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది. సభ్యులు సమావేశమై గంటల తరబడి వాదించుకున్నా నిర్ణయానికి రాలేదు. చివరికి ఒక నిర్వాహకుడు తనంతట తానే ఆ పాత్రను చెరిపేశాడు. జూలియన్ డిబెల్ ఈ ఉదంతాన్ని ఆ ఏడాది డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో రాశాడు. అది కల్పన కాదు. కాని నేరకథకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి: నేరం, బాధితులు, విచారణ, శిక్ష. లేనిదల్లా ఆ నేరానికి చట్టంలో ఒక పేరు.

శరీరం లేదన్న చిక్కును జపాన్ రచయిత రెకి కవహారా సూటిగా విప్పాడు. 2002లో వెబ్‌లో మొదలై 2009లో పుస్తకరూపంలోకి వచ్చిన ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’లో పదివేల మంది ఆటగాళ్ళు ఒక ఆటలో చిక్కుకుంటారు. ఆటలో చస్తే తలకు తగిలించుకున్న యంత్రం మెదడును కాల్చేస్తుంది. అంటే ఆటలోని శవం బయట కూడా శవమే. ఇదే వరసలో తరువాత వచ్చిన మరో కథలో, ఆటలో తుపాకీ దెబ్బ తిన్నవాళ్ళు తమ గదుల్లో నిజంగానే చచ్చిపడి ఉంటారు. గుట్టు విప్పితే అందులో మాయ ఏమీ లేదు. ఆటలో తుపాకీ పేలే క్షణానికే, ఇంటిలోకి జొరబడిన మరొకడు విషపు సూది గుచ్చుతున్నాడు. అంటే ఎంత కొత్త లోకమైనా, హత్యగా ఒప్పించాలంటే రచయిత పాత పద్ధతిలో బయటి శరీరం దగ్గరకు రావలసివచ్చింది.

స్కాట్లండ్‌లో ఉండే చార్ల్స్ స్ట్రాస్ శరీరాన్ని వదిలి సొత్తును పట్టుకున్నాడు. 2007లో వచ్చిన ‘హాల్టింగ్ స్టేట్’ నవల ఒక ఆటలోని బ్యాంకును రాక్షసుల దండు, ఒక డ్రాగన్ దోచుకోవడంతో మొదలవుతుంది. ఫిర్యాదు అందుకొని వచ్చిన ఎడింబరా పోలీసు అధికారిణికి, అసలిది దొంగతనమో కాదో కూడా అర్థం కాదు. ఆ నవల వెలువడిన ఏడాదే నెదర్లాండ్స్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పదమూడేళ్ళ పిల్లవాణ్ణి కొట్టి, కత్తితో బెదిరించి, ‘రూన్‌స్కేప్’ ఆటలో అతనికున్న ఒక తాయెత్తునూ ఒక ముసుగునూ తమ ఖాతాలోకి మార్పించుకున్నారు. లేని వస్తువును దొంగిలించడమేమిటని నిందితుల వాదన. 2012 జనవరి 31న ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సంపాదించడానికి పిల్లవాడు సమయం, శ్రమ వెచ్చించాడు. వాటికి విలువ ఉంది. అవి అతని అధీనంలోనే ఉండేవి. కాబట్టి అది దొంగతనమేనని తేల్చింది. దీనికి పక్కనే 2008 నాటి జపాన్ ఉదంతం పెట్టి చూడాలి. ఆటలో తనకు చెప్పకుండా విడాకులిచ్చిన ‘భర్త’ పాత్రను ఒక మహిళ అతని ఖాతాలోకి ప్రవేశించి చెరిపేసింది. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు, కాని హత్యకు కాదు, అనుమతి లేకుండా కంప్యూటర్ ఖాతాలోకి చొరబడినందుకు. సొత్తుకూ తాళానికీ పేర్లున్నాయి. మనిషికి కలిగిన గాయానికి మాత్రం ఇంకా పేరు దొరకలేదు.

సరిగ్గా ఆ ఖాళీలో నిలబడి రాసిన నాటకం జెనిఫర్ హేలీ ‘ద నెదర్’. 2013లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనూ, 2014లో లండన్ రాయల్ కోర్ట్‌లోనూ ప్రదర్శించారు. వేదిక మీద చాలాసేపు ఒక విచారణ గది. మోరిస్ అనే యువ పరిశోధకురాలు, ఎదురుగా ఒక నిందితుడు. అతడు నిర్మించిన అందమైన విక్టోరియన్ కాలపు ఇంట్లో, కంప్యూటర్ కల్పించిన పిల్లల రూపాలపై పెద్దవాళ్ళు అకృత్యాలు చేయవచ్చు. ఆ రూపాల వెనక ఉన్నవాళ్ళు కూడా అందుకు ఒప్పుకున్న పెద్దవాళ్ళే. ఇందులో హాని ఎవరికని అతడు అడుగుతాడు. నాటకం బయటి శవాన్ని తెచ్చి ఆ ప్రశ్న నుంచి తప్పించుకోదు. తీర్పు బరువును ప్రేక్షకుడి మీదనే వదిలేస్తుంది.

ఆ బరువు ఇప్పుడు నాటకశాలకే పరిమితం కాదు. వర్చువల్ రియాలిటీ లోకంలో తమ అవతార్‌ను అసభ్యంగా తాకారన్న ఫిర్యాదులు వచ్చాక, 2022 ఫిబ్రవరిలో మెటా సంస్థ అవతార్‌ల మధ్య సుమారు నాలుగడుగుల ఎడం ఉండేలా ఏర్పాటు చేసింది. 2024 జనవరిలో బ్రిటన్ పోలీసులు, హెడ్‌సెట్ పెట్టుకొని ఆడుతున్న పదహారేళ్ళలోపు బాలిక అవతార్‌పై జరిగిన సామూహిక దాడి గురించి దర్యాప్తు చేస్తున్నారన్న వార్త వచ్చింది. శరీరానికి గాయం లేకపోయినా ఆమె మనసు నలిగిందని వార్తలు చెప్పాయి. హెడ్‌సెట్ తీసేస్తే పోయేదిగా అన్నవాళ్ళూ ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ కిందట లాంబ్డామూలో వినిపించిన సమాధానమే అది.

అవతారమన్న మాట మనకు కొత్తది కాదు. అవతారమెత్తినవాడి దుఃఖం నటన అనుకుంటే రామాయణంలో చాలా భాగం చదవనక్కరలేదు. సీతను పోగొట్టుకున్న రాముడి ఏడుపును ఏడుపుగానే విన్న సంప్రదాయం మనది. శవం కోసం వెతుకుతూ బయలుదేరిన ఈ కథలు కూడా చివరికి అటువంటి చోటికే చేరాయి. సాక్ష్యం చెప్పవలసిన శరీరం ఆటలో లేదు, హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, ఒణుకుతున్న చేతులతో కుర్చీలో కూర్చుని ఉంది. దాని మాట వినగల పరిశోధకుడి కోసం నేరకథ ఇంకా వెతుకుతోంది.