గుర్రపు మచ్చిక - కొన్ని పాత సంగతులు

రెవెన్యూ రికార్డులతో పరిచయమున్న మిత్రులకు 'హవేలి' అనే మాట కొత్త కాదు. కోటకు, కస్బాకు దగ్గరగా ఉండి నేరుగా సర్కారు అజమాయిషీలో నడిచిన భూములకు పూర్వం ఆ పేరు వాడేవారు. మా ఖానాపురం పేరు చివర ఆ మాట నేటికీ మిగిలింది. ఖమ్మం కోట ఇంత చేరువలో ఉండగా ఈ దారుల్లో ఎన్ని గుర్రాలు తిరిగి ఉంటాయో ఊహించుకోవచ్చును. వాటిపై ఎక్కినవారి చరిత్ర చదువుకున్నాం. వాటిని మచ్చిక చేసినవారి చరిత్ర మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

దక్షిణాదికి మేలుజాతి గుర్రాలు అరేబియా, పర్షియా తీరాల నుంచి ఓడల్లో వచ్చేవి. 13వ శతాబ్ది చివర మార్కోపోలో తమిళ తీరాన్ని చూసి, ఏటా వేలాది గుర్రాలు దిగుతున్నా సంరక్షణ తెలిసినవారు లేక చాలావరకు చచ్చిపోతున్నాయని రాశాడు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. దూరదేశపు అశ్వవర్తకులను ఆదరించి, ఆ గుర్రాలు శత్రువులకు దక్కకుండా చూడాలని శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాజనీతిలో చెప్పాడు. అయితే గుర్రాన్ని డబ్బుతో కొనవచ్చును గాని, దాని నమ్మకాన్ని కొనలేము. ఈ సంగతి నాకు తెలిపినది పుస్తకాలు కాదు, మా వీధి చివరి జట్కా సాయిబు.

1959 ప్రాంతం. నాకు తొమ్మిదేళ్లు. అప్పుచేసి ఆయన నాందేడ్ వైపు మాలేగాం జాతర నుంచి వచ్చిన ఒక తట్టును కొన్నాడు. అది మనిషి చెయ్యి ఎరుగదు. దగ్గరికి వెళితే వెనక కాళ్లు ఝాడించేది. బండి కదలని ప్రతిరోజూ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమే. "నాలుగు తగిలిస్తే అదే దారికొస్తది" అని కొడుకు కొరడా తీశాడు. సాయిబు లాక్కుని చూరులో దోపాడు.

మొదటి రోజు దొడ్డిలో దానికి వీపు పెట్టి ఊరికే కూర్చున్నాడు. రెండో రోజు ఉడికించిన ఉలవలు పక్కన పెట్టుకున్నాడు. సాయంత్రానికి అది మెడ చాచి ఒక బుక్క తిన్నది. మూడో రోజు భుజం మీద చెయ్యి వేశాడు, ముఖం మీద కాదు. అది ఉలిక్కిపడక నిలబడితే వెంటనే చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేసేవాడు. "ఎందుకు తాతా వెనక్కి పోతున్నవ్?" అని అడిగాను. "మంచిగ నిలబడ్డందుకు అదే దానికి బహుమానం బాబూ. కొడితే భయపడతది, నేర్చుకోదు" అన్నాడు.

వారం తిరిగేసరికి తలకు తాడు, వీపున గోనెసంచి వేయించుకున్నది. తర్వాత రోజూ రైలు కట్ట దగ్గరికి నడిపించి ఇంజను కూతకు అలవాటు చేశాడు. ఖాళీ బండి కట్టడానికి మూడు వారాలు పైనే పట్టింది. అప్పు తీరింది, ఆ గుర్రం చాలా ఏళ్లు స్టేషన్ బండి లాగింది.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, ఇది లోకమంతా ఎరిగిన విద్యేనని. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలోనే గ్రీకు సేనాని జెనోఫన్, గుర్రంతో ఎన్నడూ కోపంగా వ్యవహరించవద్దని రాశాడు. 1858లో రేరీ అనే అమెరికన్ మొండి గుర్రాలను కొట్టకుండా లొంగదీసి ఇంగ్లండులో పేరు పొందాడు. అమెరికాలో గుర్రాలు సుమారు పదివేల ఏళ్ల క్రితమే అంతరించగా, 1493లో కొలంబస్ రెండో యాత్రతో స్పెయిన్ వారు మళ్లీ ఆ వైపు తెచ్చారు. అలా వచ్చిన గుర్రాల్లో తప్పించుకుని బయళ్లలో పెరిగినవాటి సంతతే మస్టాంగులు. 1971లో వాటి రక్షణకు అక్కడ చట్టం వచ్చింది. పూర్వం వాటిని తాళ్లతో పడగొట్టి, అలసి లొంగేదాకా స్వారీ చేసేవారు. ఇప్పుడు చాలామంది శిక్షకులు గుండ్రని దొడ్డిలో విడిచి, అది తమవైపు చూడగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా నుదుటి ముందున్నది, తోక వెనకున్నది కనిపించదు. అందుకే భుజం వైపు నుంచే పోవాలి. సాయిబు ముఖం మీద చెయ్యి వేయకపోవడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది.

ఇంత చూసి కూడా నేను తప్పు చేశాను. సర్వీసులో ఉండగా కొత్తగా చేరిన ఒక కుర్రవాణ్ణి లెక్క తప్పినందుకు అందరిముందూ కసిరాను. తర్వాత ఆ అబ్బాయి నన్ను ఒక్క సందేహమూ అడగలేదు. తప్పులు మాత్రం ఫైళ్లలో దాగి ఆడిట్‌లో బయటపడ్డాయి. కొరడా నా చేతిలో లేదు, నోట్లో ఉంది.

మనుమలకు ఎక్కాలు చెప్పే వయసులో ఉన్నాం మనమంతా. పిల్లవాడు సరిగ్గా చెప్పినప్పుడు ఒక అడుగు వెనక్కి వేయడం నేను ఇప్పుడు నేర్చుకుంటున్నాను.