దాగిన వెలుగు: యూదుల ఆత్మవైద్యము

యూదుల ధర్మగ్రంథమును తెఱచిన వెంటనే ఒక చిక్కు ఎదురగును. ఆదికాండము ప్రకారము దేవుడు వెలుగును మొదటి దినమున సృజించెను. సూర్యచంద్రులు, నక్షత్రములు పుట్టినది మాత్రము నాలుగవ దినమున. మరి సూర్యుడు లేని ఆ తొలి దినములలో ప్రకాశించిన వెలుగు ఏది? ఇట్టి ప్రశ్న మన పిల్లలు వేసినచో మనము ఏదో యొకటి చెప్పి తప్పించుకొందుము. యూద పండితులు అట్లు తప్పించుకొనలేదు. ఆ ప్రశ్ననే పట్టుకొని వేయి యేండ్లకు పైగా ఆలోచించిరి. దివ్యజ్యోతియే మనుష్యుని ఆత్మకు ఔషధమను భావము ఆ ఆలోచనలో నుండియే పెరిగెను. అది నడచిన త్రోవను, మేలు చేసిన తావులతో పాటు కీడు చేసిన తావును కూడ, ఈ ప్రసంగములో చూతము.

బాబిలోనియాలో, అనగా నేటి ఇరాక్ ప్రాంతములో, యూద విద్యాపీఠములందు రూపొంది సుమారు క్రీ.శ. 6వ శతాబ్ది నాటికి కూర్పబడిన గ్రంథము తల్మూద్. అందు ఈ ప్రశ్నకు ఒక సమాధానము కలదు. ఆ తొలి వెలుగులో మనుష్యుడు లోకమును ఈ కొన నుండి ఆ కొన వఱకు చూడగలిగెడివాడట. రానున్న దుర్మార్గుల తరములను తలచి, ఇట్టి వెలుగు వీరికి తగదని, దేవుడు దానిని నీతిమంతుల కొఱకు దాచి యుంచెనట. దాచెనే గాని ఆర్పలేదు. తరువాతి వారు దీనిని ‘ఓర్ హగనూజ్’ అనిరి. దాగిన వెలుగు అని దాని యర్థము.

వెలుగునకును వైద్యమునకును ముడి వేసినది అంతకన్న పాతకాలపు ప్రవక్త మలాకీ. దైవభీతి కలవారికి ధర్మసూర్యుడు ఉదయించుననియు, ఆ సూర్యుని ఱెక్కలలో స్వస్థత ఉండుననియు ఆయన పలికెను. ఈ మాటను తల్మూద్ పండితుడొకడు చిత్రముగా విస్తరించెను. రాబోవు కాలమున నరకమను చోటు వేఱుగా ఉండదట; దేవుడు సూర్యుని ఒర నుండి కత్తిని దూసినట్లు వెలికి తీయునట. ఆ ఎండలోనే దుష్టులు మాడుదురు, ఆ ఎండలోనే సజ్జనులు స్వస్థులగుదురు. మఱియొక కథ మాకు ఇంకను ప్రియమైనది. అబ్రాహాము మెడలో ఒక రత్నము వ్రేలాడుచుండెడిది. దానిని చూచిన రోగి తక్షణమే కోలుకొనెడివాడు. అబ్రాహాము గతించిన పిమ్మట దేవుడు ఆ రత్నమును సూర్యబింబమునకు తగిలించెను. ఈ కథను చెప్పిన చోటనే అబయే అను పండితుడు ఒక లోకోక్తిని గుర్తు చేయును: ప్రొద్దెక్కిన కొలది జబ్బు తేలికపడునని జనులు చెప్పుకొనుట ఇందువలననే గదా యని. రాత్రియంతయు రోగి ప్రక్కన కూర్చుండిన ఇల్లాండ్రకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱ లేదు.

హీబ్రూ భాషలో ‘ఓర్’ అను శబ్దమునకు రెండు వ్రాతలు కలవు. ఒక అక్షరముతో వ్రాసిన ‘చర్మము’. మఱియొక అక్షరముతో వ్రాసిన ‘వెలుగు’. ఆదాము దంపతులకు దేవుడు చర్మవస్త్రములు తొడిగెనని ఆదికాండము చెప్పుచుండగా, 2వ శతాబ్దికి చెందిన రబ్బీ మేయిర్ గారి ప్రతిలో అవి వెలుగు వస్త్రములని యుండెనట. మనుష్యుడు మొదట వెలుగును ధరించినవాడనియు, పిదప తోలు కప్పుకొన్నవాడనియు అర్థము చెప్పుటకు ఈ అక్షరభేదము చాలినది. నేటికిని యూదులు ప్రార్థనామందిరములో రోగి పేరు చెప్పి ప్రార్థించునపుడు ఆత్మస్వస్థతను ముందును, దేహస్వస్థతను తరువాతను కోరుదురు.

ఈ భావమునకు హద్దు గీసినవాడు మైమోనిడీస్. 1138లో కొర్దోబాలో జన్మించి, ఈజిప్టులో సలాదీను కొలువునకు చెందిన గొప్పవారికి వైద్యుడై, 1204లో గతించిన ఈ మహనీయుడు దేహమునకు వలెనే ఆత్మకు కూడ రోగములు కలవని అంగీకరించెను. ఆత్మరోగులు జ్ఞానులను ఆశ్రయించి గుణములను చక్కదిద్దుకొనవలె ననెను. కాని గాయము మీద ధర్మగ్రంథ వాక్యములు జపించి మాన్పబూనిన వారిని తీవ్రముగా నిందించెను. అవి ఆత్మకు మందులు. వానిని దేహమునకు మందుగా వాడుట అపచారమని ఆయన వాదము. స్వయముగా నాడి చూచి మందు ఇచ్చినవాడు ఇట్లు చెప్పుట గమనింపదగినది. ఆయన మాట చాలమంది వినలేదు.

మైమోనిడీస్ గతించిన నూఱేండ్లలోపుననే స్పెయిన్‌లోని కాస్టీలు రాజ్యమున ‘జోహార్’ అను గ్రంథము వెలువడెను. మన జోహారుతో దీనికి చుట్టరికము లేదు. హీబ్రూలో ఆ మాటకు తేజస్సు అని యర్థము. అరమాయిక్ భాషలో ఉన్న ఈ గ్రంథమును 2వ శతాబ్దికి చెందిన షిమోన్ బర్ యోఖై చెప్పెనని భక్తుల నమ్మకము. 1305లో గతించిన మోషే దె లియోన్ అను పండితుడును, ఆయన చుట్టునున్న వారును దీనిని రచించిరని ఆధునిక పరిశోధకులు అనేకుల అభిప్రాయము. దేవుని తేజస్సు పది అంతస్తులుగా లోకమునకు దిగివచ్చుననునది దీని సారము.

1492 మార్చి 31వ తేదీన స్పెయిన్ రాజదంపతులు ఫెర్డినాండు, ఇసబెల్లాలు ఒక శాసనము చేసిరి. యూదులు క్రైస్తవము పుచ్చుకొనవలెను, లేదా నాలుగు మాసములలో దేశము విడువవలెను. తరతరములుగా అచ్చట విద్యలకును, వైద్యమునకును, వర్తకమునకును పేరుపొందిన జాతి ఓడలెక్కినది. కొందఱు పోర్చుగల్ చేరిరి. అచ్చట 1497లో వారికి బలవంతపు మతాంతరము తప్పలేదు. అనేకులు టర్కీ సుల్తానుల రాజ్యములో తలదాచుకొనిరి. కొందఱు కాలక్రమమున మన కొచ్చికి కూడ వచ్చిరి. అచ్చటి మట్టాంచేరిలో రాజమందిరము ప్రక్కన 1568లో కట్టిన పరదేశి యూదమందిరము నేటికిని నిలిచియున్నది.

అదే కాలమున గలిలయ కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, సఫేద్ అను చిన్న ఊరు ఉన్ని బట్టల నేతతో వృద్ధి పొందుచుండెను. 1516లో ఆ ప్రాంతము టర్కీ సుల్తానుల వశమయ్యెను. బ్రతుకుతెరువును, శాంతియు దొరకుటచే పండితులు అచ్చట గుమిగూడిరి. నేటికిని యూదుల ఆచారములకు ప్రమాణమైన ధర్మశాస్త్రమును సంకలనము చేసిన యోసేఫ్ కారో అచ్చటివాడే. జోహార్ తత్త్వమును శాస్త్రముగా కూర్చిన మోషే కొర్దొవెరో అచ్చటనే 1570లో కన్నుమూసెను. శుక్రవారము సాయంకాలము తెల్లని వస్త్రములు ధరించి, పొలములలోనికి పోయి, విశ్రాంతి దినమును పెండ్లికూతురిని వలె ఎదుర్కొనుట ఆ ఊరి వేడుక.

కొర్దొవెరో మరణించిన ఆ సంవత్సరముననే ఈజిప్టు నుండి ముప్పదియాఱేండ్ల ఐజాక్ లూరియా సఫేద్ చేరెను. ఆయన 1534లో యెరూషలేములో పుట్టెను. బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఈజిప్టులో మేనమామ యింట పెరిగెను. అచ్చట వర్తకము కూడ చేసెనని కైరోలో దొరికిన పాత పత్రముల వలన తెలియుచున్నది. సఫేద్‌లో ఆయన నివసించినది రెండేండ్లు మాత్రమే. 1572లో ఊరికి వచ్చిన అంటువ్యాధి ఆయనను కూడ తీసికొనిపోయెను. ఆయన వ్రాసినది స్వల్పము. ఆయన చెప్పిన దానిని శిష్యుడు హయీం విటాల్ వ్రాసిపెట్టెను.

ఆ రెండేండ్లలో చెప్పినది ఏమి? సృష్టికి పూర్వము అనంతుని వెలుగే అంతటను నిండియుండెను. లోకమునకు చోటు లేదు. కావున ఆ వెలుగు తనను తాను లోపలికి ముడుచుకొని కొంత చోటు విడిచెను. ఆ శూన్యములోనికి ఒక కిరణము ప్రసరించెను. దానిని పట్టుటకు పాత్రలు ఏర్పడెను. పై మూడు పాత్రలు వెలుగును భరించినవి; క్రింది యేడును భరింపలేక పగిలినవి. వెలుగు చాలవఱకు వచ్చిన దారినే వెనుకకు మఱలెను. మిగిలిన రవ్వలు పెంకులకు అంటుకొని లోతునకు పడిపోయెను. రాతిలో, చెట్టులో, అన్నములో, పాపి హృదయములో కూడ ఆ రవ్వలు చిక్కుకొనియున్నవి. మనుష్యుడు శ్రద్ధతో చేయు ప్రతి ప్రార్థనయు, ప్రతి సత్కార్యమును ఒక రవ్వను విడిపించి పైకి పంపును. ఈ మరమ్మతునకు ‘తిక్కూన్’ అని పేరు. ఇచ్చట రోగి మనుష్యుడొక్కడే కాడు, సృష్టియే జబ్బుపడినది. మనుష్యునికి వైద్యుని బాధ్యత అప్పగింపబడినది.

ఊరును, ఇల్లును పోగొట్టుకొన్నవారికి ఈ మాట ఎట్లు వినబడియుండునో ఊహింపవచ్చును. దైవతేజస్సే చోటు తప్పి ప్రవాసములో ఉన్నదని విన్నవాడు తన ప్రవాసమును శిక్షగా మాత్రమే చూడనక్కఱ లేదు. స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన దుఃఖమే ఈ తత్త్వమునకు పుట్టినిల్లని గెర్షోమ్ షోలెమ్ అను మహాపరిశోధకుడు 1941లో ప్రచురించిన గ్రంథములో వాదించెను. తరువాత మోషే ఇడెల్ మున్నగువారు దీనిని ఒప్పుకొనలేదు. ఈ భావములలో అనేకము పూర్వగ్రంథములలోనే కలవని చూపిరి. లూరియా తండ్రి వంశము కూడ స్పెయిన్‌కు చెందినది కాదు. పుట్టుక సంగతి ఎట్లున్నను, ఆ తత్త్వము అంత వేగముగా ప్రాకుటకు వలసదారుల గాయమే కారణమని మాకు తోచుచున్నది.

లూరియా తత్త్వము చెప్పి ఊరకుండలేదు, చికిత్స చేసెను. శిష్యుని నుదుట హీబ్రూ అక్షరములు తనకు కానవచ్చుననియు, వానిని బట్టి ఆత్మ యందలి లోపమును గుర్తింతుననియు ఆయన చెప్పెడివాడు. పిదప ఎవరి లోపమునకు వారికి వేఱువేఱుగా విధులు ఏర్పఱచెను. ఉపవాసముల లెక్కను ఆ పాపము పేరిట గల అక్షరముల సంఖ్యావిలువను బట్టి నిర్ణయించెడివాడు. మన చెవికి ఇది జ్యోతిష్యము వలె వినబడవచ్చును. కాని ఆ విధులలో కొన్ని ఎంత సూక్ష్మములో చూడుడు. కోపమును ఆయన తక్కిన పాపముల కన్న కఠినముగా పరిగణించెను. విటాల్ తన తమ్మునికి పాఠము చెప్పుచు విసుగుకొన్నందుకు కూడ ఆయన మందలించెను. దుఃఖముతో ప్రార్థింపరాదనెను. ప్రతి ఉదయము ప్రార్థనకు ముందు, తోటివానిని తనవలె ప్రేమింతునని సంకల్పింపవలెనని విధించెను. మిత్రబృందములో ఒకనికి జబ్బు చేసినచో తక్కిన వారందఱును ఆ బాధ తమదిగా భావించి ప్రార్థింపవలెను. నుదుటి అక్షరములను నమ్మనివారు కూడ ఈ విధులలోని వైద్యమును కాదనజాలరు.

విటాల్ ఈ రహస్యములను పెట్టెలో దాచెను. ఆయన జబ్బుపడి యున్నపుడు ఎవరో తమ్మునికి లంచమిచ్చి ఆ వ్రాతలను తెప్పించి నకలు తీయించిరని ఒక కథ కలదు. ఎట్లైననేమి, నూఱేండ్లు గడవక మునుపే ఈ బోధ పోలెండు నుండి యెమెన్ వఱకు వ్యాపించెను.

ఇక కీడు సంగతి. స్మిర్నా పట్టణమున 1626లో పుట్టిన సబ్బతై జెవి ఒకప్పుడు ఉప్పొంగు ఉల్లాసముతోను, మఱియొకప్పుడు చెప్పరాని క్రుంగుబాటుతోను తిరుగాడెడివాడు. ఉల్లాసము వచ్చినపుడు తానే రాబోవు రక్షకుడననెడివాడు. అది తగ్గినపుడు సిగ్గుపడెడివాడు. 1665లో గాజాలో నాథాన్ అను యువకుడు లూరియా పద్ధతిని ఆత్మలకు చికిత్స చేయుచున్నాడని విని, తన మనస్సునకు శాంతి కోరి ఆయన యొద్దకు పోయెను. వైద్యుడు రోగిని చూచెను. నీకు రోగము లేదు, నీవు నిజముగా రక్షకుడవే యని నిర్ణయించెను! వార్త దావాగ్ని వలె వ్యాపించెను. యెమెన్ నుండి ఆమ్‌స్టర్‌డామ్ వఱకు యూదులు ఉపవాసములు చేసిరి, ఉత్సవములు చేసిరి; ఆస్తులు అమ్ముకొన్నవారును కలరు. 1666 సెప్టెంబరులో సుల్తాను సభ సబ్బతైని మతాంతరమో, మరణమో ఎన్నుకొనుమనెను. ఆయన తలపాగా ధరించి ముస్లిమయ్యెను. అప్పుడు కూడ నాథాన్ తగ్గలేదు. లోతున పడిన రవ్వలను ఏరుటకే రక్షకుడు పెంకుల నడుమకు దిగెనని వ్యాఖ్యానించెను. వెలుగుతో మాన్పు విద్య తనకు వచ్చినదని నమ్మినవాడు, ఎదుట నున్న రోగిని రోగిగా చూడలేకపోయెను. దానికి మూల్యము చెల్లించినవారు వేలాది సామాన్య కుటుంబీకులు. ఈ దెబ్బ తరువాత పెద్దలు జాగరూకులైరి. 1756లో బ్రోడీలో సమావేశమైన రబ్బీలు ముప్పదేండ్లు నిండనివారు జోహార్‌ను, నలువదేండ్లు నిండనివారు లూరియా బోధలను చదువరాదని కట్టడి చేసిరి.

అయినను అదే కాలమున, నేటి ఉక్రెయిన్‌లో చేరియున్న పొదోలియా సీమలోని మెజిబిజ్ పట్టణములో, ఇశ్రాయేల్ అను నొకడు ఆ వెలుగును సామాన్యుల యింటికి తెచ్చుచుండెను. చరిత్రలో ఆయన బాల్ షెమ్ తోవ్ అను పేరుతో ప్రసిద్ధుడు. ఆయన మూలికలిచ్చెను, రక్షరేకులు కట్టెను. దాగిన వెలుగు ధర్మగ్రంథపు అక్షరములలోనే దాగియున్నదనియు, చదువు రానివాని నిండు మనస్సు కూడ రవ్వలను లేపగలదనియు, క్రుంగుబాటు దైవమునకు అడ్డుగోడ యనియు ఆయన బోధించినట్లు శిష్యులు చెప్పుదురు. ఉపవాసముల తూకము తగ్గినది. పాటయు, ఆటయు పెరిగినవి. 1760లో ఆయన గతించెను. ఆయన చుట్టు అల్లుకొన్న అద్భుతగాథలను చూచి, అసలు అట్టివాడొకడు ఉండెనా యని సందేహించిన పండితులును లేకపోలేదు. పోలెండు జమీందారు కుటుంబపు పాత లెక్కలను మోషే రోస్మన్ అను చరిత్రకారుడు పరిశీలించి, 1996లో తన గ్రంథమును ప్రకటించెను. మెజిబిజ్ ఇండ్ల పన్ను పట్టీలలో, యూదసంఘము వారి యింట కాపురమున్న బాల్ షెమ్ పేరు ఆయనకు కనబడెను. ఆ పేరు ప్రక్కన గుమాస్తా వ్రాసియుంచిన వృత్తి: డాక్టరు.