శాంతి మాత్రల వెనుక కథ

ఆందోళనకు మందిచ్చుట నేటి పద్ధతి కాదు. 19వ శతాబ్దపు వైద్యులు బ్రోమైడు లవణముల నిచ్చెడివారు. అవి ఒంటిలో పేరుకొని మాట తడబడజేసెడివి, మతి తప్పించెడివి. 1903లో మొదలైన బార్బిటాలు వర్గపు మందులలో మోతాదు మించినచో ప్రాణమునకే ముప్పు.

కనుకనే స్టెర్న్‌బాక్ కనుగొన్న లిబ్రియము 1960లోను, వేలియము 1963లోను అంగడికి రాగా వైద్యలోకము తెరపిన పడినది. పగటి మగత, మరపు వీనికిని కలవు. అసలు చిక్కు మాత్రము మందు మానునపుడు వచ్చును. 1961లోనే అమెరికాలో హాలిస్టరు బృందము, హెచ్చు మోతాదు లిబ్రియమును హఠాత్తుగా ఆపిన రోగులకు నిద్ర పట్టకపోవుట, మూర్ఛలు సైతము వచ్చుట చూచి ప్రకటించినది. ఆ మాట చెవిని పెట్టినవారు కొందరే.

మేము మిక్కిలి మెచ్చునది ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యురాలు హెదర్ ఆష్టన్ గారిని. ఈ మందులు మానదలచినవారి కొరకై 1982 నుండి 1994 వరకు ఆమె ప్రత్యేక చికిత్సాలయము నడపిరి. వచ్చినవారి బాధను పాత ఆందోళనయే యని త్రోసివేయక, 300 మందికి పైబడి వారి నోటనే వినిరి. వైద్యుని కనుసన్నలలో, నెలల తరబడి, రోగి ఓర్వగలిగినంత మెల్లగా మోతాదు తగ్గించుట ఆమె మార్గము.

2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వర్గపు మందులన్నిటికిని, అలవాటు పడుటను, హఠాత్తుగా మానుటను గూర్చి తీవ్రమైన హెచ్చరిక చేర్పించినది. లిబ్రియము వచ్చి అప్పటికి 60 ఏండ్లు.