ఇసుకలో దిద్దిన అక్షరం

పసిబిడ్డలకు చదువు ఆటగా ఉండాలా, శిక్షగా ఉండాలా అన్న ప్రశ్న ఈనాడు కొత్తగా పుట్టింది కాదు. ఆటపాటలతో చదువు చెప్పే పద్ధతి సీమదేశాలనుంచి మనకు దిగుమతి అయిందని మనలో చాలామంది నమ్మకం. పిల్లవాణ్ణి కాన్వెంటులో చేర్చి వచ్చి, "అక్కడ అంతా ఆటలతోనే నేర్పుతారట" అని ఇరుగుపొరుగులతో గొప్పగా చెప్పుకుంటాము. కాని చరిత్రను కాస్త తిరగవేసి చూస్తే, ఆ పద్ధతిలో కొంత భాగం మన వీధి అరుగులమీదనుంచే పడమటికి ప్రయాణం కట్టిందని తెలుస్తుంది. పొదటూరుపేటవంటి సరిహద్దు ఊళ్లలో పుట్టి, బ్రతుకుతెరువుకోసం నలుదిక్కులా చేరిన మనవంటి కుటుంబాలకు ఈ కథ తెలియడం అవసరం. ఎందుకు అవసరమో చివర మనవి చేస్తాను.

వీధిబడి

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, తన రాజధానిలో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని జిల్లా కలెక్టర్లను అడిగాడు. దత్తమండలాలవారు అభిమానంతో తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది ఈ దొర పేరే. లెక్కలన్నీ చేరిన తరువాత 1826లో ఆయన వ్రాసిన నివేదిక ప్రకారం 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. అంటే ఇంచుమించు వెయ్యిమందికి ఒక బడి అన్నమాట. వీరిలో ఆడపిల్లలు చాల స్వల్పం. ఆ లోటును మనం మరువరాదు.

ఆ లెక్కలతోపాటు బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జాబు ఒకటి కలదు. నాటి బళ్లారి జిల్లాలో తెలుగు బడులూ కన్నడ బడులూ పక్కపక్కనే ఉండేవి. వాటిలో చదువు ఎట్లా మొదలయ్యేదో ఆయన కళ్లకు కట్టినట్టు వ్రాశాడు. బిడ్డకు అయిదవ ఏడు రాగానే పంతులుగారినీ, బడిపిల్లలందరినీ ఇంటికి పిలిచేవారు. వినాయకుని చుట్టూ అందరూ కూర్చునేవారు. పంతులు బిడ్డ వేలు పట్టి బియ్యంలో దేవుని పేరు వ్రాయించేవాడు. ఇది మనమెరిగిన అక్షరాభ్యాసమే. అయితే ఒక సంగతి గమనించాలి. బిడ్డ బడికి పోవడానికి ముందు బడి అంతా కదలి బిడ్డ ఇంటికి వచ్చేది. తెలియని చోటికి వెళ్లే బెదురు ఆ పసిమనసులో కొంతైనా తగ్గకుండా ఉంటుందా?

ఆపైన ఇసుకలో వ్రాత. నేలమీద ఇసుక పరచి, వేలితో అక్షరం దిద్దించేవారు. ముందు నోటితో వల్లించి తరువాత వ్రాయడం కాక, వ్రాస్తూనే అక్షరం నేర్చేవారని కాంబెల్ ప్రత్యేకంగా చెప్పాడు. ఇసుకలో చెయ్యి తిరిగిన తరువాతే తాటాకు, గంటమూ, కడితమూ చేతికి వచ్చేవి. "ఓనమాలు దిద్దడం" అనే మన పలుకుబడిలో ఆ వేలు, ఆ ఇసుక ఇప్పటికీ దాగి ఉన్నాయి. ఇసుకలో తప్పు వ్రాస్తే అరచేత్తో చెరిపివేయవచ్చు. పలక పగలదు, కాగితం చినగదు, డబ్బు ఖర్చు కాదు. పసివానికి ఇంతకంటె నిర్భయమైన పుస్తకం మరొకటి లేదు.

పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఆ బడుల రెండవ సుగుణం. దసరా వచ్చిందంటే మూడవ సుగుణం బయటపడేది. పిల్లలు కొత్తబట్టలు కట్టి, విల్లంబులు పట్టి, పాటలు పాడుతూ పంతులుగారితో ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి. ఏడాదికొకసారైనా చదువు వీధిలో ఊరేగేది.

బెత్తం సంగతి

ఇంత చెప్పి రెండవ పక్షం దాచితే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. అదే కాంబెల్ జాబులో మరొక చిత్రం ఉంది. ఉదయం ఆరు గంటలకు బడి. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. అంటే మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవానికి వచ్చినట్టు ఒక్కొక్కటి ఎక్కువ. చదవని పిల్లవాణ్ణి చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీయడం, కూర్చోబెట్టి లేవదీయడం కూడ ఆయన పేర్కొన్నాడు. కోదండం, గుంజీలు అని మన పెద్దలు చెప్పేవి ఇవే.

కాబట్టి మన పాతబడిలో రెండు దారులు కలిసే ఉండేవి. ఒక చేత ఇసుక, మరొక చేత బెత్తం. ఏ చేతిని పట్టుకోవాలి అన్నదే తరువాతి రెండువందల ఏళ్ల కథ.

ఎగ్మూరునుంచి ఇంగ్లండుకు

మద్రాసు పోయి రైలెక్కే వారందరికీ ఎగ్మూరు పరిచయమే. 1789లో అక్కడ సిపాయిల అనాథ బాలురకై కుంపిణీవారు నడిపిన బడికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పెద్ద అయ్యాడు. పిల్లలకు చదువు అంటడం లేదు. ఉపాధ్యాయులకు ఉత్సాహం లేదు. ఇట్లుండగా ఒకనాటి ఉదయం ఆయన గుర్రంమీద పోతూ, తెల్లవారు మలబారు బడి అని పిలిచే మన వీధిబడి ఒకటి చూశాడు. పిల్లలు నేలమీద కూర్చుండి ఇసుకలో వేళ్లతో వ్రాస్తున్నారు. వెంటనే తన బడిలోనూ ఇసుక పరిపించాడు. ఉపాధ్యాయులు కుదరదని మొరాయిస్తే, ఎనిమిదేళ్ల పిల్లవానికి చిన్న తరగతి అప్పగించాడు. పెద్దలకు సాధ్యం కానిది ఆ పిల్లవాడు సాధించాడు.

బెల్ స్వదేశం చేరి 1797లో ఈ ప్రయోగాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండులో వేలాది బడులకు ప్రాకింది. మన బడులు పిల్లలచేత పిల్లలకు చదువు చెప్పించే తీరు ఇంగ్లండు అనుకరించదగినదే అని కాంబెల్ సైతం మెచ్చుకున్నాడు. అయితే ఆ పద్ధతి అక్కడ పెద్ద పెద్ద హాళ్లలో వందల పిల్లలను వరుసల్లో నిలబెట్టి నడిపే యంత్రంగా మారిపోయింది. ఇసుక వెళ్లింది కాని, వీధి అరుగు చనువు ఓడ ఎక్కలేదు.

తిరిగివచ్చిన చదువు

ఇక్కడ మన భాషలో 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష వెలువడింది. అదే క్రమంగా పెరిగి పెద్దబాలశిక్ష అయింది. వావిళ్లవారు 1916లో తెచ్చిన ప్రతి మూలాన ఇంటింటా నిలిచింది. మేలైన పుస్తకమే. కాని అచ్చుపుస్తకం వచ్చిన తరువాత వేలికి పని తగ్గి, నోటికి పని పెరిగింది. వల్లెవేతే చదువైపోయింది.

అక్కడ 1907లో రోమునగరంలో మరియా మాంటిస్సోరి అనే వైద్యురాలు బీదపిల్లలకోసం ఒక శిశుగృహం తెరిచింది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టకు అంటించి, వాటిమీద పిల్లలచేత వేలు రాయించింది. గుండీలు పెట్టుకోవడం, నేల ఊడ్చుకోవడం, నీళ్లు ఒలకకుండా పోసుకోవడం వీటినే పాఠాలుగా చేసింది. 1939 నవంబరులో ఆమె మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించింది. యుద్ధం వచ్చినందున 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. వేలితో అక్షరం దిద్దే విద్య, బెల్ దొర దాన్ని చూసిన పట్టణానికే వేరొక వేషంతో వచ్చి చేరినట్లయింది.

ఆ రోజుల్లోనే మద్రాసులో తెలుగు పిల్లలకు మంచికాలం వచ్చింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలచేతనే పాడించారు, ఆడించారు. 1945లో బాల పత్రిక పెట్టారు. 1947 జూలైలో చందమామ తెలుగులోనూ, అంబులిమామ పేర తమిళంలోనూ ఒక్కసారే వెలువడింది. తెలుగు పిల్లవాడూ తమిళ పిల్లవాడూ ఒకే బొమ్మ చూసి ఒకే కథ చదివారు. ఆ పత్రిక ఆగి పదేళ్లు దాటినా ఆ మాట మరువరానిది.

తరువాతి మలుపు మన పాత చిత్తూరు జిల్లాలోనే జరిగింది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో పద్మనాభరావు, రమా దంపతులు చుట్టుపట్ల పల్లెలకు ఏకోపాధ్యాయ బడులు పెట్టి, పాఠాలను చిన్న చిన్న బొమ్మల కార్డులుగా విడదీశారు. పిల్లవాడు తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, తోటివానికి నేర్పుతూ పైమెట్టు ఎక్కుతాడు. ఆ పద్ధతిని చూసివచ్చి 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులలో ప్రవేశపెట్టారు. 2007 నాటికి అది తమిళనాడంతటా వ్యాపించింది. 2022 జూన్ 13న ఆటపాటలతో చిన్న తరగతులకు చదువు నేర్పే "ఎణ్ణుం ఎళుత్తుం", అనగా అంకె, అక్షరం, అనే పథకాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించింది మన తిరువళ్లూరు జిల్లాలోనే.

సరిహద్దు బిడ్డ

ఇక మొదట చెప్పిన మాటకు వస్తాను. మన ప్రాంతం 1911 దాకా ఉత్తర ఆర్కాటులోను, ఆపైన చిత్తూరు జిల్లాలోను ఉండేది. పటాస్కరు తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997లో తిరువళ్లూరు జిల్లాలో భాగమయింది. ఊరు కదలలేదు, మగ్గం కదలలేదు, గీత కదిలింది. ఉపాధ్యాయ దినోత్సవానికి కారణమైన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టినవాడే.

2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాట ప్రతి బిడ్డా ఒకటవ తరగతినుంచి తమిళం చదవాలి. ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున అది పైకి ప్రాకింది. ఉన్నచోటి భాష నేర్వడం మంచిదే, అందులో తగవు లేదు. మనవలె వేరే రాష్ట్రాలకు వచ్చిన వారి పిల్లలు అక్కడి భాష నేర్వక తప్పదు. నష్టం ఎక్కడంటే, ఇంట తెలుగు గలగల మాట్లాడే బిడ్డ, తాతగారు పంపిన పెళ్లి శుభలేఖ చేతికిస్తే చదవలేక తెల్లముఖం వేస్తున్నాడు. మాట ఉంది, అక్షరం లేదు. అక్షరం పోయిన ఇంట మూడవ తరానికి మాటా నిలవదు.

బడి నేర్పనిది ఇల్లు నేర్పాలి. ఇంటికి బెత్తం పనికిరాదు, దినచర్యే పనికివస్తుంది. సాయంత్రం పని ముగించి అలసివచ్చి, గంటసేపు తెలుగు పాఠం చెబుతామంటే మనకూ కోపమే, బిడ్డకూ ఏడుపే. అందుకు బదులు చాటలో బియ్యం పోసినప్పుడు ఒక్క అక్షరం వేలితో దిద్దించండి. గోరుముద్దలు తినిపిస్తూ అమ్మ ముద్ద, నాన్న ముద్ద, అవ్వ ముద్ద అని లెక్కపెట్టించండి. తలంటి పోసేటప్పుడు కన్ను, ముక్కు, చెవి, మోచెయ్యి అని ఒక్కొక్క పేరు చెప్పించండి. మగ్గమున్న ఇంట కండెలు లెక్కపెట్టడమే కూడిక, పడుగులో రంగు దారాల వరుస చెప్పడమే పాఠం. ఒప్పులకుప్ప, దాగుడుమూతలు, అచ్చనగాయలు మన వాకిట ఉచితంగా దొరికే బాలవాడి. వామనగుంటల పీటలో గింజలు పంచేటప్పుడు ఎంత గణితం ఉందో ఆడి చూస్తే తెలుస్తుంది.

కాంబెల్ చూసిన ఆచారంలో మొదటి సగం మళ్లీ తెచ్చుకోవచ్చు. పొద్దున్నే పళ్లు తోముకుని, స్నానం ముగించి ముందుగా వచ్చిన బిడ్డ అరచేతిలో "శ్రీ" అని వ్రాయండి. రెండవ బిడ్డకు సున్న వద్దు, ఒక పువ్వు వేయండి. మూడవ బిడ్డకు దెబ్బ అసలే వద్దు, ఒక చుక్క పెట్టి రేపు "శ్రీ" నీదే అనండి. సిరాకు ఖర్చు లేదు, మాటకు ఖర్చు లేదు. నెల తిరిగేసరికి ఆ బిడ్డ తన చేతిలోని అక్షరాన్ని తానే చదువుతాడు.

మన అరుగుమీది ఇసుకను ఒక పరదేశి గుర్తించి సముద్రం దాటించాడు. మన బిడ్డకు అందించడానికి మనం సముద్రాలు దాటనక్కరలేదు. చేతిలో గుప్పెడు బియ్యం, నోట రెండు మంచి మాటలు చాలు. ఈ ఉగాదికి ప్రతి తెలుగు ఇంటా ఒక పసివేలు ఒక తెలుగు అక్షరం దిద్దుగాక. ఆబాలగోపాలానికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.