పేరు చెప్పని అప్పగింత: 1914 నాటి ఢిల్లీ లేఖలు, తవాంగ్ విహారం

1914 మార్చి 24న బ్రిటిష్ ఇండియా ప్రతినిధి సర్ హెన్రీ మెక్‌మహాన్ ఢిల్లీ నుంచి టిబెట్ ప్రతినిధి లోన్‌చెన్ షాట్రాకు ఒక లేఖ రాశాడు. మరునాడు షాట్రా సమ్మతిస్తూ జవాబిచ్చాడు. 1913 అక్టోబరులో సిమ్లాలో ప్రారంభమైన త్రైపాక్షిక సమావేశం శీతాకాలంలో ఢిల్లీకి తరలింది. కొత్త రాజధాని నిర్మాణం అప్పటికి ఇంకా సాగుతూనే ఉంది. చైనా ప్రతినిధి ఐవన్ చెన్‌కు ఈ ఉత్తర ప్రత్యుత్తరాల్లో పాత్ర లేదు. భూటాన్ సరిహద్దు నుంచి ఇసు రాజీ కనుమ వరకు ఇండియా, టిబెట్‌ల మధ్య సరిహద్దు ఈ రెండు లేఖలతోనూ, వాటికి జతచేసిన రెండు పలకల పటంతోనూ నిర్ణయమైంది. తవాంగ్ ఆ గీతకు దక్షిణాన, అంటే ఇండియా వైపున పడింది.

అయితే లేఖల్లో ఎక్కడా తవాంగ్ అనే పేరు లేదు. ఐదవ దలైలామా ఆజ్ఞతో మెరాక్ లామా లోడ్రే గ్యాత్సో 1680-81లో నెలకొల్పిన గెలుగ్ సంప్రదాయపు మహావిహారం ఉన్న చోటు అది. ఆరవ దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో జన్మించిన ఉర్గెల్లింగ్ దాని సమీపంలోనిదే. ఇంతటి క్షేత్రం చేతులు మారిన సంగతి పటం మీది ఎర్రగీతను చూసినవారికే తెలుస్తుంది. లేఖను మాత్రమే చదివినవారికి తెలియదు.

బౌద్ధ క్షేత్రాల ప్రస్తావన లేఖలో లేదనడానికి వీల్లేదు. త్సో కార్పో, త్సారీ సార్పా అనే రెండు పుణ్యస్థలాలు గీతకు బ్రిటిష్ వైపున ఒక్క రోజు నడక దూరంలోపల ఉన్నట్లు తేలితే, వాటిని టిబెట్‌కే వదిలి గీతను సవరిస్తామని మెక్‌మహాన్ అంగీకరించాడు. ఇక్కడ దూరానికి కొలమానం మైలు కాకుండా యాత్రికుని ఒక రోజు నడక కావడం గమనించదగ్గది. త్సారీ ప్రదక్షిణ యాత్ర టిబెటన్లకు ఎంత పవిత్రమో షాట్రాకు తెలుసు. అందుకే ఆ షరతును పట్టుబట్టి చేర్పించాడనుకోవచ్చు. మరి తవాంగ్‌కు అటువంటి రక్షణ ఎందుకు లేదు? జవాబు లేఖలోని మరో షరతులో కొంత దొరుకుతుంది. గీతకు బ్రిటిష్ వైపున టిబెటన్లకున్న సొంత భూముల యాజమాన్యానికి భంగం కలిగించబోమని ఆ షరతు చెబుతుంది. మోన్ ప్రాంతంలో విహారానికి ఉన్న హక్కులన్నీ ఈ ‘సొంత భూములు’ అన్న మాటలో ఇమిడిపోతాయని షాట్రా భావించి ఉండవచ్చు. అవి అందులో ఇమిడేవి కావు.

ఆనాటి మోన్‌పా గ్రామం చెల్లించే వాటిని చూస్తే కారణం అర్థమవుతుంది. విహారానికి ధాన్యం రూపంలో పన్ను కట్టేవారు. ముగ్గురు కొడుకులున్న ఇంటి నుంచి ఒకరిని సంఘానికి పంపేవారు. ఇవి కాక, ఉత్తరాన కొండల అవతల ఉన్న త్సోనా జోంగ్ అధికారుల వసూళ్లు వేరుగా ఉండేవి. బియ్యం, ఉప్పు వ్యాపారం మీద వారి పట్టు ఉండేది. అధికారులు వచ్చినప్పుడు బరువులు మోసే వెట్టి కూడా తప్పేది కాదు. సేలా కనుమకు దక్షిణాన దిరాంగ్, కలక్తాంగ్ వైపు గ్రామాలు కూడా ఈ రెండు పాలనలకూ లోబడినవే. ఇందులో ఏది దానం, ఏది శిస్తు, ఏది సార్వభౌమాధికారానికి గుర్తు? గింజలు కొలిచి ఇచ్చే రైతుకు ఆ భేదం పట్టేది కాదు. సరిహద్దు గీసేవారికి మాత్రం అంతా ఆ భేదం మీదే ఆధారపడి ఉంది.

త్సోనా జోంగ్ వద్ద మోన్‌పాల నుంచి వసూలు చేసే సుంకాలు ఇకముందు కూడా కొనసాగించవచ్చునా అని షాట్రా అడగనే అడిగాడు. అదనపు వివరాలు అందిన తరువాత వీటిని స్నేహభావంతో పరిష్కరించుకోవచ్చునని చార్లెస్ బెల్ చెప్పినట్లు మెక్‌మహాన్ లేఖలో ఉంది. మోన్‌పా గ్రామాలు ఆ పరిష్కారం కోసం మూడు దశాబ్దాలకు పైగా ఎదురుచూశాయి.

బ్రిటిష్ వారికి తవాంగ్ ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. అంతకుముందు వారి ధోరణి ఇందుకు భిన్నంగా ఉండేది. 1844లో కురియాపారా ద్వారాన్ని స్వాధీనం చేసుకుని, అందుకు ప్రతిగా కొండ మీది పెద్దలకు ఏటా 5,000 రూపాయలు చెల్లించడానికి ఒప్పుకున్నారు. పైనున్న కొండ పరాయి అధికారానిదని ఒప్పుకున్నవారే అటువంటి చెల్లింపు చేస్తారు. 1874-75లో లేహ్ నుంచి లాసా మీదుగా వచ్చిన పండిత నయన్‌సింగ్‌ను తవాంగ్‌లో చాలా రోజులు ఆపివేశారు. చివరకు ఆయన ఉదాల్‌గురి వద్ద అస్సాం మైదానంలోకి దిగాడు. లాసా నుంచి అస్సాంకు దగ్గరి దారుల్లో ఒకటి తవాంగ్ గుండా పోతుందని దానితో స్పష్టమైంది. 1910లో చైనా సైన్యం లాసాలో ప్రవేశించాక ఆ దారి బ్రిటిష్ వారిని కలవరపెట్టింది. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్‌లు ఆ ప్రాంతాన్ని నడిచి కొలిచారు. సమావేశారంభంలో సేలా కనుమ వరకే చాలుననుకున్న ఆలోచన, 1914 ఆరంభానికి తవాంగ్‌ను కలుపుకొని ఉత్తరానికి జరిగింది. చైనాతో తమ సరిహద్దు విషయంలో బ్రిటిష్ అండ కోరుతున్న టిబెట్ అందుకు ఒప్పుకుంది.

గీత గీసిన తరువాత పాలన రాలేదు. 1914లోనే పొలిటికల్ ఆఫీసర్ నెవిల్ తవాంగ్ వెళ్లి వచ్చాడు. ఆపై దాదాపు రెండు దశాబ్దాలు ఎవరూ పట్టించుకోలేదు. 1919లో ఆ భాగానికి బాలిపారా సరిహద్దు ప్రాంతమని పేరు పెట్టారు. 1935లో వృక్షశాస్త్రజ్ఞుడు కింగ్‌డన్ వార్డ్ అనుమతి లేకుండా టిబెట్‌లోకి వెళ్లడంపై రేగిన వివాదంతో పాత దస్త్రాలు తిరగేసిన ఒలాఫ్ కేరో, మరుగునపడిన సరిహద్దును మళ్లీ వెలికితీశాడు. అప్పటికి ఆ లేఖలు ఐచిసన్ ఒప్పందాల సంపుటంలో అచ్చు కూడా కాలేదు. 1938లో వాటిని చేర్చిన కొత్త సంపుటాన్ని 1929 తేదీతోనే వెలువరించి, పాత ప్రతులను వెనక్కి రప్పించారు. దస్త్రాల విశ్వసనీయతే జీవనాధారమైన పరిశోధకులకు ఇది ఇబ్బంది కలిగించే ఉదంతం. లేఖలు నిజమైనవే, వాటిని ప్రకటించిన తేదీ మాత్రం నిజం కాదు.

అదే 1938 ఏప్రిల్‌లో కెప్టెన్ లైట్‌ఫుట్ చిన్న దళంతో తవాంగ్ చేరాడు. అక్కడ త్సోనా అధికారుల పాలన ఎప్పటిలాగే నడుస్తోంది. లాసా ఆక్షేపించింది; స్థిరమైన ఠాణా పెట్టడానికయ్యే ఖర్చును చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది అస్సాం తాత్కాలిక గవర్నరు ట్వైనమ్, గీతను సేలా దగ్గరికి దించితే మేలని సూచించాడు. 1944లో దిరాంగ్ జోంగ్‌లో ఠాణా వెలసి, సేలాకు దక్షిణాన టిబెట్ వసూళ్లను ఆపే ప్రయత్నం జరిగింది. కనుమకు ఉత్తరాన పాత పాలనే కొనసాగింది.

ఇటువంటి ప్రాంతాలను సాధారణ చట్టానికి వెలుపల ఉంచడం తెలుగువారికి కొత్త విషయం కాదు. గంజాం, విశాఖపట్నం కొండలను 1839 చట్టం మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించింది. 1935 చట్టం కింద గోదావరి, విశాఖ ఏజెన్సీలు ‘పాక్షిక మినహాయింపు’ ప్రాంతాలయ్యాయి. బాలిపారా పూర్తి మినహాయింపు ప్రాంతమైంది. కొండరెడ్లు, గోండుల అధ్యయనంతో మనకు పరిచితుడైన హైమన్‌డార్ఫ్ 1944-45లో సుబన్‌సిరిలో ప్రత్యేకాధికారిగా పనిచేసి, ఆ వెంటనే నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారయ్యాడు. అయితే ఏజెన్సీ కొండల్లో ప్రభుత్వం ఒక్కటే. తవాంగ్‌లో ఒక ప్రభుత్వం పటం మీద, ఇంకొకటి ధాన్యపు కొట్టు దగ్గర ఉండేవి.

అసలు అప్పగింత 1951లో జరిగింది. అప్పటికి బ్రిటిష్ వారు వెళ్లిపోయారు, చైనా సైన్యం టిబెట్‌లో ప్రవేశించింది. మణిపూర్‌కు చెందిన తాంగ్‌ఖుల్ నాగా అధికారి మేజర్ రాలెంగ్నావ్ ‘బాబ్’ ఖాతింగ్ జనవరిలో చార్‌దువార్ నుంచి అస్సాం రైఫిల్స్ దళంతో బయలుదేరి, సుమారు 4,170 మీటర్ల ఎత్తున్న సేలాను మంచులో దాటి ఫిబ్రవరిలో తవాంగ్ చేరాడు. గ్రామ పెద్దలను సమావేశపరచి, త్సోనా అధికారులకు ఇక పన్ను కట్టనక్కరలేదని చెప్పాడు. లాసా నిరసన తెలిపింది. సుంకాల విషయమై షాట్రా అడిగిన ప్రశ్నకు సమాధానం ఇలా వచ్చింది. విహారం విషయం మాత్రం అప్పటికీ తెరిచే ఉంది.

అది మళ్లీ ఢిల్లీకి వచ్చింది. 1960లో భారత, చైనా అధికారులు పెకింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో కూర్చుని సరిహద్దు సాక్ష్యాలను పరిశీలించారు. వారి నివేదిక 1961లో వెలువడింది. తవాంగ్‌లో టిబెట్ వసూళ్లకు సంబంధించిన పత్రాలను చైనా పక్షం పాలనాధికారానికి రుజువులుగా చూపింది. విహారాలకు చెల్లే మతపరమైన కానుకలు రాజ్యాధికారాన్ని నిరూపించవని భారత పక్షం వాదించింది. రెండు పక్షాలూ ఆ పత్రాలను చదివింది సరిహద్దు కోసమే. కానీ 1680 నాటి ఐదవ దలైలామా శాసనం మొదలుకొని ఆ పత్రాలు ఒక సంఘం ఎలా తిన్నదో, ఎలా పెరిగిందో, ఏ గ్రామం ఏ పూజకు ఏమిచ్చిందో తెలిపేవి కూడా. మోన్‌పాలు పొద బెరడుతో తయారుచేసే మోన్ షుగు కాగితం టిబెట్ విహారాల్లో ధర్మగ్రంథాల ప్రతులకు వాడేవారు. కాబట్టి తవాంగ్ చెల్లింపుల చిట్టా చూసే పరిశోధకుడు ధాన్యం, వెన్నతో పాటు కాగితం పద్దును కూడా వెతకాలి. దాని వెంట వెళ్తే త్సోనా దాటి, ఏ సరిహద్దు సంఘమూ అడగని గ్రంథాలయాల దాకా దారి ఉంది.