చంటిబిడ్డ ఉన్న ఇల్లు, ఒక్క జీతం: నెల జమాఖర్చు

బిడ్డ పుట్టాక తల్లి ఉద్యోగం మానితే, రెండు జీతాలతో నడిచిన ఇల్లు ఒక్క జీతం మీద పడుతుంది. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా లెక్క ఒకటే. సంఘం పనుల్లో మేము చాలా ఇళ్ళ కష్టసుఖాలు విన్నాం. మొదటి ఏడాది ఇంటిని కుంగదీసేది పాలు, మందుల ఖర్చు కంటే వేడుకకు తెచ్చిన అప్పు, వేళకు రాయించుకోని కాగితమే ఎక్కువ.

రాజీనామాకు ముందు

పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో తల్లి ఉద్యోగం చేస్తూ, ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు చట్టప్రకారం రావాలి. ఈఎస్‌ఐ ఉన్నవారికి ఆ సొమ్ము ఈఎస్‌ఐ ఇస్తుంది. సీమంతం కాగానే రాజీనామా రాసిచ్చి, ఆర్నెల్ల జీతం వదులుకున్నవారు మన ఇళ్ళలో ఉన్నారు. ముందు సెలవు అడగండి. మానడం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

నెల పద్దు

చేతికి 24,000 రూపాయలు వచ్చే ఇంటికి మేము వేసే పద్దు ఇలా ఉంటుంది.

అద్దె, కరెంటు, నీళ్ళు: 7,500
బియ్యం, పప్పు, నూనె, కూరలు: 6,500
పాలు, గ్యాసు: 2,500
బిడ్డకు, బాలింతకు: 2,000
ప్రయాణం, ఫోను: 2,000
పాత అప్పు వాయిదా: 1,500
ఆపదకు: 2,000

మీ అంకెలు వేరుగా ఉంటాయి, వరుస మాత్రం ఇదే ఉంచుకోండి. ఆపద సొమ్మును జీతం వచ్చిన రోజే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేయాలి. నెలాఖరున మిగిలితే వేద్దామనుకుంటే మిగలదు. పద్దు భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. జీతం తెచ్చేది ఒకరే అయినా, ఇల్లు నడిపే మనిషి చిన్న ఖర్చుకు చేయి చాచే పరిస్థితి రాకూడదు.

మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. డాక్టరు చెప్పనిదే పాలపొడి డబ్బా కొనకండి. పగలు మెత్తని నూలు చీరతో చేసిన పొత్తిగుడ్డలు వాడి, డైపర్లు రాత్రికీ ప్రయాణానికీ ఉంచుకుంటే ఆ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ప్రభుత్వ టీకాల పట్టికలో ఉన్నవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

బారసాల

నూటికి రెండు రూపాయల వడ్డీకి నగలు కుదువపెట్టి 40,000 తెచ్చారనుకుందాం. నెలకు 800 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పై పద్దులో బిడ్డకు పెట్టిన 2,000లో అది ఐదింట రెండు వంతులు. ఇంట్లోనే ఉయ్యాల కట్టి, దగ్గరవాళ్ళను పిలిచి పేరు పెట్టుకుంటే ఏ లోటూ రాదు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని భయపడితే ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టండి. చదివింపులు బిడ్డ పేర జమచేయండి. ఆడపిల్లయితే సుకన్య సమృద్ధి ఖాతాకు ఏడాదికి 250 కట్టినా చాలు.

మనకు రావలసినవి

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద, అర్హులైన తల్లులకు మొదటి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తారు. ప్రభుత్వోద్యోగులకు ఇది వర్తించదు. తమిళనాట డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 వరకు ఉంది. ఒడిశాలో మమత పథకం ఉంది. మహారాష్ట్రలో పసుపు, నారింజ రేషను కార్డుల ఇళ్ళలో 2023 ఏప్రిల్ 1 తర్వాత పుట్టిన ఆడపిల్లకు లేక్ లాడ్‌కీ పథకం ఉంది. గర్భం తెలియగానే అంగన్‌వాడీలో గానీ ఆరోగ్య కేంద్రంలో గానీ పేరు రాయించుకోండి. కర్ణాటకలో అప్పుడే తాయి కార్డు తీసుకోండి.

పేరు, పుట్టినచోటు

మన ఇళ్ళలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు, ఆసుపత్రి చీటీలో తమిళనాటి పద్ధతిలో ఒక్క ఇనిషియలు. పేర్లు కలవకపోతే డబ్బు ఆగుతుంది. ఇంటిపేరు మార్చుకోనక్కర్లేదు, అన్నిచోట్లా ఒకేలా ఉంటే చాలు. తల్లి పేరనున్న ఖాతాకు ఆధార్ జతచేయించండి.

పురిటికి ఆంధ్రలోని పుట్టింటికి వెళ్ళినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్ళోనే. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పేరు పెట్టలేదని ఆగవద్దు, ఏడాదిలోపు ఉచితంగా చేర్పించవచ్చు. పత్రం చేతికి వచ్చాకే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే, మళ్ళీ ఆ ఊరికి పోయివచ్చే ఖర్చు తప్పుతుంది.

దరఖాస్తు తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఉందని వదిలేయకండి. కాగితాలు పట్టుకుని మీ ఊరి తెలుగు సంఘానికి వెళ్ళండి. చదివి రాసిపెట్టేవారు అక్కడ ఒకరైనా ఉంటారు.