తడబడు అడుగుల చరిత్ర

నల్లమల దాపున, అచ్చంపేటకు చేరువనున్న ఉప్పునుంతల వంటి ఊరిలో ఒక బాలుని ఊహించుకొందము. బోనాలనాడు డప్పు మ్రోగగానే వాడు చెవులు మూసుకొని ఇంటిలోనికి పరుగెత్తును. కొత్త చొక్కా తొడిగిన ఒంటికి గుచ్చుకొనుచున్నదని ఏడ్చును. తొక్కుడుబిళ్ల ఆటలో ఒంటికాలిపై నిలువలేక పడిపోవును. ఇంటివారు వానిని మొండివాడందురు. బడిలో మొద్దు అందురు. ఇరుగుపొరుగువారు తల్లి గారాబమే చెరచినదందురు. ఈ మూడు తీర్పులును ఎంత తొందరపాటువో చరిత్ర చెప్పుచున్నది.

ఇంద్రియములు ఐదని మనము చిన్ననాడే నేర్చుకొన్నాము. కాని దేహమును నడిపించుటకు మరి రెండు జ్ఞానములు కావలెను. ఒకటి లోపలి చెవిలోనిది: తల ఎటు వంగినదో, ఒడలు తిరుగుచున్నదో నిలిచినదో అది తెలుపును. రెండవది కండరములును కీళ్లును పంపెడి సమాచారము: కన్నులు మూసుకొన్నను చేయి ఎక్కడ ఉన్నదో తెలియుట దానివలననే. ఈ రెండవదానికి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1906లో శాస్త్రీయమైన పేరు పెట్టినాడు. మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగినపుడెల్ల ఈ రెండును పనిచేయుచునే ఉన్నవి.

కదలికలో తేడా గల పిల్లలను వైద్యులు శ్రద్ధగా పరిశీలించుట పందొమ్మిదవ శతాబ్దిలో బలపడినది. లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్, కష్టమైన కాన్పులకును పసివారి అవయవముల బిగువునకును గల సంబంధమును గూర్చి 1862లో వ్యాసము ప్రకటించినాడు. బాల్యములో వ్యాధివలన తన పాదమే వంకరపోగా, 1836లో జర్మనీలో శస్త్రచికిత్స చేయించుకొన్నవాడాయన. అన్ని సందర్భములలోను కాన్పే కారణము కాదని తరువాత తేలినది. అయినను, తప్పు పిల్లవాని బుద్ధిలో కాక దేహములో వెదకవలెనన్న దృష్టికి ఆ వ్యాసము బలమిచ్చినది.

నూరేండ్ల పిమ్మట కాలిఫోర్నియాలో జీన్ ఎయర్స్ అను విదుషి మరియొక అడుగు ముందుకు వేసినది. ఇంద్రియములు తెచ్చిన వార్తలను మెదడు సరిగా కూర్చుకొనలేనిచో చదువును, కదలికయు తడబడునని ఆమె 1972లో గ్రంథము వ్రాసినది. ఈ సిద్ధాంతమును అందరును అంగీకరింపలేదు. దీనిని ప్రత్యేక వ్యాధిగా నిర్ణయింపవద్దని అమెరికా శిశువైద్యుల సంఘము 2012లో సూచించినది. 2013 నాటి మానసిక వ్యాధుల వర్గీకరణలోను దీనికి వేరు స్థానము లేదు. కాని శబ్ద స్పర్శాదులకు అతిగా గాని, అల్పముగా గాని స్పందించుటను ఆటిజము లక్షణములలో చేర్చినారు. పేరును గూర్చి వివాదమున్నది గాని, పిల్లవాని బాధను గూర్చి లేదు.

మన దేశములో 1984లో సికింద్రాబాదున బుద్ధిమాంద్యము గలవారి కొఱకు జాతీయ సంస్థ వెలసినది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను లెక్కించగా, 2016 చట్టము 21 లెక్కించి, ఆటిజమునకును మస్తిష్క పక్షవాతమునకును విడిగా చోటిచ్చినది. ఆ సంవత్సరమే ఉప్పునుంతల మహబూబ్‌నగర్ నుండి క్రొత్త నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము వైద్యబృందము అంగన్‌వాడీకి ఏటా రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలకు ఒకసారి రావలెను.

కనుక తల్లిదండ్రులకు మా మనవి యిది. బిడ్డ ఏ నెలలో కూర్చుండెనో, ఎప్పుడు నడిచెనో, ఏ శబ్దమునకు బెదరునో వ్రాసి యుంచి, ఆ బృందము వచ్చిననాడు చెప్పుడు. వయసు వచ్చిన వాడే బాగుపడునని సంవత్సరములు గడపవద్దు. నెలలో నయము చేసెదమను వారికి సొమ్ము పోయవద్దు. ఇక మా మాట వినునపుడు బిడ్డ చెవులు మూసుకొనినచో, వానిని కసరక, ముందు రేడియో గొంతు తగ్గింపుడు. అందుకు మేమేమియు అనుకొనము.